పాత ఆక్టేవియా ఆర్‌ఎస్‌లో టర్బో బూస్ట్ ఆలస్యంగా వస్తోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ 2004లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన మొదటి తరం స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ నడిపేవాళ్ల కోసం. 1.8 లీటర్ల పెట్రోల్ టర్బో ఇంజిన్, సిలిండర్‌కు ఐదు వాల్వులు, 150 హార్స్‌పవర్, 210 న్యూటన్ మీటర్ల టార్క్. యూరప్‌లో అమ్మిన ఆర్‌ఎస్‌కు 180 హార్స్‌పవర్ ఉండేది, మనకు తగ్గించి ఇచ్చారు. ఇదే ఇంజిన్ కుటుంబం ఆ కాలపు గోల్ఫ్ జీటీఐలో, ఆడి ఏ3, ఏ4, టీటీలలో, పస్సాట్‌లో కూడా ఉంది కాబట్టి ఇక్కడ చెప్పినవాటిలో చాలావరకు వాటికీ పనికొస్తాయి. హైదరాబాద్, విజయవాడ, బెంగళూరుల్లో ఈ కార్లను ఇప్పటికీ ప్రేమగా ఉంచుకున్నవాళ్లున్నారు. వాళ్లందరి నోటా వినిపించే ఫిర్యాదు ఒకటే: "బండి ముందులా లాగడం లేదు."

టర్బో కార్లన్నీ కాస్త ఆగే కదా లాగుతాయి? నాది మామూలు ఆలస్యమా, జబ్బా?

ఈ కారులో ఉన్నది కేకేకే కంపెనీ కే03 టర్బో. చాలా చిన్నది, త్వరగా తిరగడం కోసమే పెట్టినది. కంపెనీ లెక్క ప్రకారం 210 న్యూటన్ మీటర్లూ 1750 ఆర్‌పీఎమ్ దగ్గరే అందాలి. మూడో గేర్‌లో 2000 దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే 2500 దాటేలోపే వీపు సీటుకు ఆనాలి. 3000 దాటాక గానీ కదలిక రాకపోతే అది జబ్బే. "పాత టర్బోలు ఇంతేలే" అని ఎవరైనా అంటే వినకండి. ఆ మాట పెద్ద టర్బో పెట్టిన కార్లకు సరిపోతుంది, దీనికి కాదు.

ఇక్కడ మూడు రకాల ఇబ్బందులను విడదీసి చూడాలి. బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) ఆలస్యంగా వచ్చినా చివరికి పూర్తిగా రావడం ఒకటి. ఎంత తొక్కినా సగం దగ్గరే ఆగిపోవడం రెండోది. బాగానే లాగుతూ ఒక్కసారిగా చచ్చుబడి, తాళం ఆపి మళ్లీ తిప్పితే మామూలైపోవడం మూడోది. ఈ మూడోది చాలాసార్లు బూస్ట్ ఎక్కువైపోయి కంప్యూటర్ కోత పెట్టడం వల్ల వస్తుంది. అంటే జబ్బు సరిగ్గా తిరగబడి ఉంటుంది. మెకానిక్ దగ్గరికి వెళ్లే ముందు మీది ఏ రకమో తేల్చుకోండి.

మెకానిక్ చూడగానే "టర్బో పోయింది సార్, మార్చాలి" అన్నాడు. నమ్మొచ్చా?

ఏ టెస్టూ చేయకుండా అన్నాడంటే నమ్మొద్దు. ఈ వయసు కారులో ముందు పోయేవి రబ్బరు పైపులు, ఆ తర్వాత వాల్వులు, సెన్సర్లు. టర్బో వంతు అన్నిటికంటే చివర వస్తుంది. టర్బో పోతే సాధారణంగా అదే చెబుతుంది: నీలి పొగ, సైరన్ లాంటి కూత, నూనె తగ్గిపోవడం. ఇవేవీ లేకుండా బూస్ట్ మాత్రమే నెమ్మదించిందంటే వంద రూపాయల క్లిప్పు కూడా కారణం కావచ్చు.

చెక్ ఇంజిన్ లైటు వెలగలేదు. అంటే తప్పేమీ లేనట్టేనా?

కాదు. కంప్యూటర్ ఓపిక ఎక్కువ. చిన్న లీకును టర్బోను ఇంకాస్త గట్టిగా తిప్పి పూడ్చేస్తుంది. తన చేతిలో ఉన్నదంతా అయిపోయాకే లైటు వెలిగిస్తుంది. పైగా లైటు వెలగకుండానే లోపల కోడ్ నిలిచి ఉండవచ్చు, కాబట్టి స్కానర్ పెట్టి చూడండి.

సరే, మొదట ఏం చూడాలి?

బానెట్ ఎత్తండి. అంతకంటే ముందు, నవ్వకండి, డ్రైవర్ కాళ్ల కింద మ్యాట్ చూడండి. మందపాటి మ్యాట్ వేయించుకున్నాక పెడల్ అడుగుదాకా దిగని కార్లు ఉన్నాయి.

ఇక పైపులు. గాలి దారిని మనసులో గీసుకోండి: ఎయిర్ ఫిల్టర్, గాలిని కొలిచే ఎంఏఎఫ్ సెన్సర్, టర్బోలోకి వెళ్లే రబ్బరు పైపు, టర్బో, ఆ గాలిని చల్లార్చేందుకు ముందు చక్రం దగ్గర దాక్కున్న చిన్న ఇంటర్‌కూలర్, అక్కడి నుంచి యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే థ్రాటిల్, సిలిండర్లకు గాలి పంచే మ్యానిఫోల్డ్. ఈ దారిలో ఎక్కడ చిల్లు పడినా బూస్ట్ పోతుంది. కానీ చిల్లు టర్బోకు ముందుందా తర్వాతుందా అన్నదాన్ని బట్టి లక్షణాలు మారతాయి.

టర్బోకు ముందున్న పైపు చీలితే సెన్సర్ కొలవని గాలి లోపలికి దూరుతుంది. పెట్రోలు తక్కువ పడి ఇంజిన్ లీన్ అవుతుంది, ఐడిలింగ్ కుదురుగా ఉండదు. టర్బో తర్వాతి పైపు చీలితే కొలిచిన గాలే బయటికి పోతుంది. అప్పుడు పెట్రోలు ఎక్కువై సైలెన్సర్ నుంచి నల్లపొగ, బూస్ట్ వచ్చే సమయంలో "స్‌స్‌స్" అన్న శబ్దం. ఒక్క ఈ తేడా గుర్తుంచుకున్నా వెతికే చోటు సగానికి తగ్గుతుంది.

టర్బోలోకి వెళ్లే పైపు ఇంజిన్ వెనక వేడిలో ఉడుకుతూ ఉంటుంది. పైనుంచి చూస్తే బాగానే కనిపిస్తుంది, అడుగున చీలి ఉంటుంది. మెత్తబడిన పైపైతే గట్టిగా తొక్కినప్పుడు లోపలికి నొక్కుకుపోతుంది కూడా, ఇంజిన్ ఆపి చూస్తే మామూలుగా ఉంటుంది. చేత్తో పిసికి చూడండి. మెత్తగా, నూనె పీల్చి ఉబ్బినట్టు తగిలితే మార్చేయండి. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ కింద క్రాంక్‌కేస్ (ఇంజిన్ అడుగు భాగం) గాలి పైపుల, అంటే బ్రీదర్ పైపుల, గుత్తి ఒకటుంటుంది. ఈ ఇంజిన్ల అసలు పుండు అదే. ఆ రబ్బరు వేలితో తాకితే పొడిగా రాలిపోయే స్థితికి వస్తుంది. అక్కడికి చేయి పోదు, అద్దం, టార్చి కావాలి. అందుకే చాలా షెడ్లలో అటు చూడరు.

లీక్ టెస్ట్ ఇంట్లో చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, కంప్రెసర్‌కు రెగ్యులేటర్ ఉంటే. ఎంఏఎఫ్ సెన్సర్ తర్వాత పైపు విప్పి, దాని మూతికి సరిపడే పీవీసీ మూత తీసుకుని, దానికి ట్యూబ్‌లెస్ టైరు వాల్వు బిగించి క్లిప్పు వేయండి. ఇంజిన్ ఆపే ఉండాలి. గాలి నెమ్మదిగా ఎక్కించండి. అర బార్ చాలు, ఒక బార్ ఎప్పుడూ దాటొద్దు. ఎందుకంటే ఆ గాలి క్రాంక్‌కేస్‌లోకి కూడా పోయి నూనె సీళ్లను నెట్టేస్తుంది. మూత ఊడి మొహానికి తగిలే ప్రమాదం కూడా ఉంది, ఎదురుగా నిలబడకండి.

ఇక సబ్బు నీళ్లు చల్లి, పంక్చర్ షాపులో ట్యూబును చూసినట్టు బుడగల కోసం చూడటమే. నూనె డిప్‌స్టిక్ దగ్గర సన్నగా గాలి వినిపిస్తే కంగారు పడకండి, తెరిచి ఉన్న వాల్వుల గుండా, బ్రీదర్ గుండా కొంత పోతుంది. ఇంటర్‌కూలర్ అంచులు, దాని కింది పైపు క్లిప్పు, డైవర్టర్ వాల్వు (యాక్సిలరేటర్ వదిలినప్పుడు మిగిలిన గాలిని తిరిగి టర్బో ముందుకు పంపేది) మూతులు మాత్రం తప్పకుండా తడిపి చూడండి. మన స్పీడ్ బ్రేకర్ల పుణ్యమా అని ఇంటర్‌కూలర్ అడుగు పైపుకు దెబ్బలు మామూలే.

స్మోక్ మెషిన్ ఉన్న షెడ్ దొరికితే ఇంకా మంచిది. చిన్న వ్యాక్యూమ్ లీకులు పొగతో తేలికగా బయటపడతాయి.

స్కానర్‌లో ఏ అంకెలు చూడాలి?

కోడ్‌లు మాత్రమే చదివే చవక స్కానర్ దీనికి సరిపోదు. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కార్ల మెజరింగ్ బ్లాకులు (నంబర్లవారీగా కంప్యూటర్ చూపే అంకెల గుంపులు) చూపించే వీసీడీఎస్ అనే స్కానర్ సాఫ్ట్‌వేర్ లాంటిది కావాలి.

కారు స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి బ్లాక్ 115 తెరవండి. అందులో ఆర్‌పీఎమ్, లోడ్, కంప్యూటర్ అడుగుతున్న బూస్ట్, నిజంగా వస్తున్న బూస్ట్ ఉంటాయి. ఇవి వాతావరణ పీడనంతో కలిపిన అంకెలు, మిల్లీబార్లలో. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు అసలు అంకె మీ ఊరి గాలి పీడనానికి సమానంగా ఉండాలి. విజయవాడలో సుమారు 1005, సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న హైదరాబాద్‌లో సుమారు 950. హైదరాబాద్‌లో 950 చూసి సెన్సర్ పోయిందని మార్చేయకండి. అదే 850 చూపిస్తే మాత్రం అనుమానించాల్సిందే.

ఇప్పుడు రోడ్డు మీద నడుపుతూ ఈ అంకెలు రికార్డు చేయాలి. పక్కన ఇంకొకరు ల్యాప్‌టాప్ పట్టుకోవాలి, ఒక్కరే చేయకండి. మూడో గేర్, 1800 నుంచి 4500 వరకు పూర్తిగా తొక్కండి. రెడ్‌లైన్ దాకా లాగమని విదేశీ సలహాలు ఉంటాయి. మన జబ్బు కింది ఆర్‌పీఎమ్‌లో కాబట్టి అంతదాకా అక్కర్లేదు, వేగం కూడా వందలోపే ఉంటుంది. పై అంకెలు కావాలంటే డైనో (కారును నిలిపి ఉంచి చక్రాల బలం కొలిచే యంత్రం) మీద తీయించండి. బ్లాక్ 115, బ్లాక్ 118 రెండూ రికార్డు చేయండి. 118లో ఇన్‌టేక్ గాలి వేడి, బూస్ట్‌ను అదుపు చేసే ఎన్75 వాల్వు ఎంత శాతం పనిచేస్తోందన్నది కనిపిస్తాయి.

ఇక్కడే అసలు తీర్పు. అడిగిన బూస్టే తక్కువగా ఉంటే తప్పు టర్బోది కాదు. కంప్యూటరే వద్దనుకుంటోంది. థ్రాటిల్ పూర్తిగా తెరుచుకుంటోందా, ఎంఏఎఫ్ తక్కువ చదువుతోందా, గాలి మరీ వేడిగా ఉందా, నాక్ (సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి పేలడం) వల్ల స్పార్క్ టైమింగ్ వెనక్కి తీస్తోందా చూడండి. నాక్ సంగతి బ్లాక్ 020లో సిలిండర్ల వారీగా దొరుకుతుంది.

అడిగింది ఎక్కువ, వచ్చింది తక్కువ, ఎన్75 శాతం తొంభై దాటి అక్కడే అతుక్కుపోయి ఉంటే, కంప్యూటర్ తన చేతనైనంతా చేస్తోంది గానీ గాలి చేరడం లేదు. లీకు, వేస్ట్‌గేట్ (ఎగ్జాస్ట్‌ను టర్బో పక్కనుంచి దాటించే తలుపు) మూసుకోకపోవడం, సైలెన్సర్ వైపు అడ్డు, చివరగా టర్బో అరుగుదల, ఇదే వరసలో వెతకండి. రెండు అంకెల మధ్య 150 మిల్లీబార్ల పైన తేడా నిలకడగా ఉంటే నేనైతే కోడ్ కోసం ఆగను, సబ్బు నీళ్లు తీస్తాను.

బ్లాక్ 032లో ప్లస్ అంకెలు కనిపిస్తున్నాయి. అది లీకేనా?

అందులో మొదటి అంకె ఐడిలింగ్ దిద్దుబాటు, రెండోది నడుస్తున్నప్పటి దిద్దుబాటు. ఐడిలింగ్‌లోనే ప్లస్ బాగా ఎక్కువగా ఉంటే వ్యాక్యూమ్ లీకు. నడుస్తున్నప్పుడు మాత్రమే ఎక్కువైతే ఎంఏఎఫ్ తక్కువ చదవడం లేదా పెట్రోలు ప్రెజర్ తగ్గడం.

ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20. ఇథనాల్ మండడానికి పెట్రోలుకంటే తక్కువ గాలి చాలు. అంటే అదే గాలికి ఎక్కువ ఇంధనం పోయాలి. మామూలు పెట్రోలుకు తయారైన ఈ కారు ఈ20 మీద నడిస్తే రెండో అంకె ఆరు నుంచి ఎనిమిది శాతం దాకా ప్లస్‌లో కూర్చోవడం సహజం. పాత యూరప్ పట్టికలు చూసి "లీన్ అయింది" అని సెన్సర్లు మార్చే ముందు ఇది లెక్కలో పెట్టుకోండి. ఇథనాల్‌కు పాత రబ్బరు పెట్రోలు పైపులు కూడా తట్టుకోలేకపోవచ్చు. పెట్రోలు వాసన వస్తే బూస్ట్ సంగతి పక్కనపెట్టి ముందు వాటిని మార్చండి.

ఎంఏఎఫ్ సెన్సర్ ప్లగ్ పీకి నడిపితే బండి బాగా లాగింది. అంటే?

అంటే సెన్సర్ మీద అనుమానం గట్టిపడింది. ప్లగ్ లేకపోతే కంప్యూటర్ తన దగ్గరున్న సొంత లెక్కతో నడుస్తుంది. దానితోనే బండి మెరుగ్గా లాగిందంటే సెన్సర్ అబద్ధం చెబుతున్నట్టే. వేడెక్కిన ఇంజిన్ ఐడిలింగ్‌లో సెకనుకు రెండు నుంచి నాలుగు గ్రాముల మధ్య చూపాలి. పై ఆర్‌పీఎమ్‌లో పూర్తిగా తొక్కినప్పుడు హార్స్‌పవర్‌లో 0.8 వంతు గ్రాములు అని ఒక మోటు లెక్క ఉంది. 150కి 120 అన్నమాట. డైనో మీద 90 దాటకపోతే సెన్సర్ మురికి పట్టిందో, గాలే రావడం లేదో తేల్చాలి.

ఎంఏఎఫ్ క్లీనర్ స్ప్రే కొట్టి ఆరనిచ్చి చూడండి, కార్బ్యురేటర్ క్లీనర్ మాత్రం వద్దు. నూనె రాసే కాటన్ ఎయిర్ ఫిల్టర్ పెట్టుకున్నవాళ్లకు ఈ బాధ ఎక్కువ.

డైవర్టర్ వాల్వు పనిచేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి?

ఐదు నిమిషాల పని. వాల్వు విప్పి, లోపలి పిస్టన్‌ను వేలితో పైకి నొక్కి, పక్కనున్న సన్న పైపు మూతిని ఇంకో వేలితో మూసి, పిస్టన్‌ను వదలండి. అలాగే నిలబడితే డయాఫ్రమ్ (లోపలి రబ్బరు పొర) బాగుంది. వెంటనే కిందికి జారితే చిరిగింది. చిరిగిన వాల్వు టర్బో నెట్టిన గాలిని తిరిగి టర్బో ముందుకే పంపిస్తుంది. టర్బో తిరుగుతూనే ఉంటుంది, బండి కదలదు. కొత్తది కొనేటప్పుడు బాష్ 710ఎన్ అడగండి, నకిలీలు చూసుకోండి. శబ్దం కోసం గాలిని బయటికి వదిలే వాల్వు పెట్టొద్దు. ఎంఏఎఫ్ ఉన్న కారులో అది కొలిచిన గాలిని పారబోస్తుంది, గేరు మార్చిన ప్రతిసారీ పెట్రోలు ఎక్కువై తడబడుతుంది.

ఎన్75, వేస్ట్‌గేట్ అంటుంటారు. వాటి కథేంటి?

వేస్ట్‌గేట్ అంటే టర్బో పక్కనుంచి ఎగ్జాస్ట్‌ను దాటించే చిన్న తలుపు. దాన్ని మూసి ఉంచేది యాక్చుయేటర్‌లోని స్ప్రింగు. స్ప్రింగు ఒక్కటే పనిచేస్తే బూస్ట్ సుమారు 0.3 నుంచి 0.4 బార్ దగ్గర ఆగుతుంది. అంతకు మించి కావాలంటే ఎన్75 అనే సొలెనాయిడ్ యాక్చుయేటర్‌కు వెళ్లే ప్రెజర్‌ను కొంత మళ్లించాలి. అందుకే ఎన్75 ప్లగ్ ఊడినా, వైరు తెగినా, వాల్వు బిగుసుకుపోయినా బండి ఆ కనీస బూస్ట్ మీదే బతుకుతుంది. మీ బండి ఎంత తొక్కినా అదే అంకె దగ్గర ఆగిపోతుంటే ముందు ఇక్కడే చూడండి.

యాక్చుయేటర్‌ను చేతి పంపుతో పరీక్షించవచ్చు. గాలి ఎక్కిస్తూ కడ్డీ ఎక్కడ కదలడం మొదలవుతుందో చూడండి. చాలా ముందుగా కదిలితే స్ప్రింగు అలిసిపోయింది, లేదా కడ్డీ సర్దుబాటు వదులైంది. గాలి నిలవకపోతే డయాఫ్రమ్ చిరిగింది. ఎగ్జాస్ట్ లోపలి తలుపు ఇరుసు అరిగితే ఐడిలింగ్‌లో గలగలమంటుంది. సరిగ్గా మూసుకోని తలుపు వల్ల బూస్ట్ అచ్చంగా మీరు చెప్పే పద్ధతిలోనే, నెమ్మదిగా ఎక్కుతుంది.

కడ్డీని బిగించి బూస్ట్ "పెంచే" చిట్కా షెడ్లలో తిరుగుతుంటుంది. లీకు ఉన్న కారులో ఆ పని చేస్తే టర్బో ఇంకా వేగంగా తిరిగి చస్తుంది. లీకు లేని కారులో చేస్తే ఓవర్‌బూస్ట్ కోడ్ వస్తుంది. యాక్చుయేటర్ పైపు పీకి నడపడం ఇంకా ఘోరం, తలుపు అసలు తెరుచుకోదు.

ఏ కోడ్ దేన్ని చూపిస్తుంది?

పి0299 వస్తే అడిగినంత బూస్ట్ అందలేదు. పి1297 అంటే టర్బోకూ థ్రాటిల్‌కూ మధ్య ప్రెజర్ పడిపోయింది, పైపులూ డైవర్టర్ వాల్వూ చూడమని. పి1200 డైవర్టర్ వైపు వేలు చూపిస్తుంది. పి0234 ఓవర్‌బూస్ట్. పి1128, పి1136 లీన్ అయిందని చెప్పేవి. కోడ్ ఎక్కడ వెతకాలో చెబుతుంది, ఏ పార్టు కొనాలో కాదు.

ఎండాకాలంలో మాత్రమే నీరసిస్తోంది. మామూలేనా?

కొంతవరకు మామూలే. కారు వెంట వచ్చిన ఇంటర్‌కూలర్ చిన్నది, పక్కకు పెట్టినది. మే నెల మధ్యాహ్నం ట్రాఫిక్‌లో పావుగంట నిలబడ్డాక అది చల్లార్చడం మానేస్తుంది. బ్లాక్ 118లో గాలి వేడి చూస్తే తెలిసిపోతుంది. రోడ్డు ఖాళీ అయ్యాక కొన్ని నిమిషాల్లో వేడి దిగి బండి కోలుకుంటే జబ్బు కాదు. దానికి తోడు తక్కువ ఆక్టేన్ పెట్రోలు పోస్తే నాక్ వచ్చి టైమింగ్ వెనక్కి పోతుంది. ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు ఒక ట్యాంకు నింపి తేడా చూడటం తేలికైన పరీక్ష. ఏసీ కండెన్సర్‌లో, ఇంటర్‌కూలర్ రెక్కల్లో పేరుకున్న మట్టి కడిగించడం అంతకంటే చవక.

క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోతే?

ఇది పొగను శుద్ధి చేసే పార్టు. మూసుకుపోయి ఎగ్జాస్ట్ బయటికి పోకపోతే టర్బోను తిప్పే ఊపే ఉండదు. కన్వర్టర్‌కు ముందున్న ఆక్సిజన్ సెన్సర్ విప్పి ఆ చోట ప్రెజర్ గేజ్ పెట్టి చూస్తారు. ఐడిలింగ్‌లో దాదాపు సున్నా ఉండాలి. 2500 ఆర్‌పీఎమ్ దగ్గర 0.2 బార్ దాటితే అడ్డుంది. మిస్‌ఫైర్‌తో చాలాకాలం నడిపిన కార్లలో ఇది ఎక్కువ. ఈ ఇంజిన్ల ఇగ్నిషన్ కాయిల్స్ పోవడం ప్రపంచమంతా తెలిసిన సంగతే కదా.

అన్నీ చూశాం. టర్బోనే అని ఎలా ఖాయం చేసుకోవాలి?

చల్లారిన ఇంజిన్‌లో ఇన్‌లెట్ పైపు విప్పి టర్బో ఇరుసును వేళ్లతో కదపండి. పక్కలకు కొద్దిగా ఆడటం సహజం, నూనె పొర మీద తేలేలా చేసినదే అది. ముందుకూ వెనక్కూ ఆడకూడదు. రెక్కలు గోడకు రాసుకున్న గీతలున్నా, రెక్క అంచులు విరిగినా ఇక ఆలోచించక్కర్లేదు. పైపులో పల్చటి నూనె తడి ఉంటే భయపడకండి, అది బ్రీదర్ నుంచి వస్తుంది. మడుగు కట్టి ఉంటే వేరు.

కొత్త టర్బో వేయిస్తున్నాను. ఇంకేం మార్పించాలి?

పాతది ఎందుకు పోయిందో చూడకుండా కొత్తది వేస్తే అదీ పోతుంది. టర్బోకు నూనె తెచ్చే సన్న పైపు లోపల మసి గడ్డకట్టి సగం మూసుకుపోయి ఉంటుంది. దాన్ని కడిగి వాడొద్దు, కొత్తదే వేయండి. నూనె సంపు దింపి స్ట్రైనర్ చూడండి, బురద పట్టి ఉంటే అసలు దోషి అదే. ఆయిల్ వీడబ్ల్యూ 502 00 ప్రమాణానికి సరిపడేది పోయండి, గ్యాస్కెట్లు కొత్తవి వేయండి. మొదటిసారి స్టార్ట్ చేసే ముందు టర్బో నూనె రంధ్రంలో కాస్త నూనె పోసి, కాయిల్ ప్లగ్‌లూ ఇంజెక్టర్ ప్లగ్‌లూ పీకి, ప్రెజర్ లైటు ఆరేదాకా స్టార్టర్‌తో తిప్పించండి. ఆ తర్వాతే అన్నీ బిగించి స్టార్ట్ చేసి, కొన్ని నిమిషాలు యాక్సిలరేటర్ ముట్టుకోకుండా ఐడిలింగ్‌లో వదిలేయండి.